పగిలిన టైల్స్‌తో పక్షులకు నీళ్ళ పళ్ళెం – తయారుచేసే విధానం

మొజాయిక్ అనగానే మనలో చాలామందికి పాత ఆఫీసుల్లోనూ, బ్యాంకుల్లోనూ కనిపించే చుక్కల గచ్చు గుర్తుకు వస్తుంది. సిమెంటులో చిన్న రాతిముక్కలు కలిపి పరిచి, ఆరిన తరువాత మిషనుతో అరగదీసే ఆ గచ్చును మన మేస్త్రులు మొజాయిక్ అనే పిలుస్తారు. ఈ వ్యాసం దాని గురించి కాదు. రంగురంగుల ముక్కలను పక్కపక్కన అతికించి పువ్వుగానో, పిట్టగానో, ముగ్గుగానో కనిపించేటట్లు చేసే పనికి కూడా అదే పేరు ఉంది. అటువంటి పనితో మేము మా హాస్టల్ ఆవరణలో, వంటగది వెనుక వేపచెట్టుకు కాస్త దూరంగా, పక్షులు నీళ్ళు తాగి స్నానం చేయడానికి ఒక పళ్ళెం తయారుచేశాము. చూసిన ప్రతివారూ ఎలా చేశారని అడుగుతున్నారు. సెలవులకు వచ్చిపోయే పూర్వ విద్యార్థులైన అన్నలు కూడా అడిగారు. కావున కొలతలతో సహా ఇక్కడ రాస్తున్నాము. ఎవరైనా తమ ఊరి బడిలోనో, ఇంటి దగ్గరో చేసుకోవచ్చు.

ముందుగా ఒక విషయం. దీనిలో అందం రెండో పని. పక్షి భయం లేకుండా దిగాలి, కాలు జారకుండా నిలబడాలి, మునిగిపోకుండా తడవాలి. ఈ మూడూ కుదిరిన తరువాతనే రంగుల సంగతి. ఊళ్ళలో కొన్నిచోట్ల అమ్మే పింగాణీ పళ్ళాలు, ఫైబర్ పళ్ళాలు చూడటానికి ఎంతో బాగుంటాయి. అయితే లోతు ఎక్కువ, లోపల అద్దమంత నునుపు. కాకి తప్ప ఇంకేదీ వాటి అంచు దాటి లోపలికి దిగదు.

పక్షులకు మనలాగా చెమట పట్టదు. వాటి శరీరపు వేడి మామూలుగానే 40 నుంచి 42 డిగ్రీల వరకు ఉంటుంది. మా రాయలసీమలో మే నెలలో ఎండ కూడా 40 డిగ్రీలు దాటుతుంది. అటువంటప్పుడు కాకులు, గోరువంకలు నోరు తెరుచుకుని రొప్పుతూ కూర్చోవడం మనందరం చూసినదే. అలా రొప్పినప్పుడు నోట్లోని, గొంతులోని తడి ఆవిరై శరీరం చల్లబడుతుంది. కానీ ఆ తడి మళ్ళీ లోపలికి చేరాలి కదా. అందుకే వేసవిలో వాటికి గింజలకన్నా నీళ్ళే ముఖ్యం. స్నానం కూడా సరదా కోసం చేసేది కాదు. ఈకల్లోని దుమ్ము పోతేనే అవి సరిగ్గా అమరుతాయి. స్నానం అయ్యాక పక్షి తోక మొదట్లో ఉండే గ్రంథి నుంచి ముక్కుతో నూనె తీసుకుని ఈకలకు రాసుకుంటుంది. కొంచెం ఓపికగా చూస్తే ఎవరికైనా కనిపిస్తుంది.

తాగే విధానంలో కూడా తేడా ఉంది. పిచ్చుక, గోరువంక, పిగిలిపిట్ట ముక్కు ముంచి నీళ్ళు పట్టుకుని తల పైకెత్తి మింగుతాయి. పావురాలు, గువ్వలు ముక్కు ముంచిన తరువాత తల ఎత్తకుండానే పీల్చుకుంటాయి. వాటి ముక్కు మునిగేంత లోతు ఉండాలి. పిచ్చుకకు మాత్రం కాళ్ళు తడిసేంత నీళ్ళు చాలు. కాబట్టి పళ్ళెం అంచు దగ్గర లోతు దాదాపు ఏమీ లేకుండా మొదలై, మధ్యలో ఒకటిన్నర అంగుళానికి, మహా అయితే రెండు అంగుళాలకు చేరాలి. పిచ్చుక ఒడ్డున నిలబడుతుంది, పావురం లోపలికి నడుస్తుంది. మన ఊరి చెరువు ఒడ్డు ఎలా ఉంటుందో అలాగే ఉండాలన్నమాట. బావిలాగా ఉండకూడదు.

ఇక నీళ్ళ విషయానికి వస్తాము. దీని మీద మా హాస్టల్లో పెద్ద చర్చే జరిగింది. వేసవిలో మాకు ట్యాంకరు నీళ్ళే ఆధారం. ఒక్కోరోజు ఒక్కొక్కరికి ఒక బకెట్టు మాత్రమే స్నానానికి. "మనకే లేకపోతే పిట్టలకు స్నానమా?" అని శనివారం మీటింగులో కొందరు గట్టిగానే అడిగారు. అది తీసిపారేయవలసిన ప్రశ్న కాదు. అందుకని లెక్క వేశాము. లోపలి వ్యాసం 14 అంగుళాలు, మధ్యలో లోతు ఒకటిన్నర అంగుళం ఉన్న పళ్ళెంలో పట్టేది సుమారు రెండు లీటర్లు. అంటే మా స్నానాల మగ్గుతో రెండు మగ్గులు. ఎండాకాలంలో ఉదయం ఒకసారి నింపి, మధ్యాహ్నం తగ్గినంత పోసినా రోజుకు నాలుగు మగ్గులు దాటదు. ఉదయం పారబోసే పాత నీళ్ళు కరివేపాకు మొక్కకు పోతాయి. రోజుకు ఒక గది చొప్పున వంతులు వేసుకుంటే ఒక్కొక్కరి వాటాకు వచ్చేది అర మగ్గు కూడా కాదు.

మొదటిసారి నీళ్ళు పోయడానికి మార్చి 20వ తేదీని అనుకున్నాము. 2010 నుంచి ఆ రోజున ప్రపంచ పిచ్చుకల దినం జరుపుకుంటున్నారు. మన హాస్టళ్ళలో ఆ తేదీ వేరే కారణంగా అంతకుముందే తెలుసు. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ అంబేద్కర్ గారు వేలాదిమందితో నడిచివెళ్ళి చౌదార్ చెరువులో నీళ్ళు తాగారు. గొడ్డూ గోదా తాగే చెరువులో మనుషులను తాగనివ్వని రోజులవి. అదే మీటింగులో ఎనిమిదో తరగతి తమ్ముడు ఒకడు లేచి, "అప్పుడు పిట్టలకు ఎవురూ అడ్డం చెప్పలేదు గదన్నా, ఇప్పుడు మనం చెప్తామా?" అన్నాడు. ఆ తరువాత నీళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. వంతుల పట్టిక రాయడం మొదలుపెట్టాము.

పగిలిన ముక్కలతో అందమైన పని చేయడం కొత్త సంగతి కాదు. హైదరాబాదు పాతబస్తీలో కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీద 400 ఏళ్ళనాటి రంగు పలకల పనిని ఇప్పటికీ చూడవచ్చు. అవి పగిలిన ముక్కలు కావు, కావాలని కోసి అమర్చినవి. స్పెయిన్ దేశంలో బార్సిలోనా నగరంలో గౌడీ అనే వాస్తుశిల్పి పార్క్ గ్యూయెల్ అనే తోటలో పగిలిన పింగాణీ, టైల్స్ ముక్కలతోనే వంకర తిరిగిన పొడవైన అరుగును ముస్తాబు చేయించాడు. 1900 నుంచి 1914 వరకు ఆ తోట పనులు సాగాయి.

వీటన్నిటికన్నా మాకు నచ్చినది చండీగఢ్‌లోని రాక్ గార్డెన్ కథ. నేక్‌చంద్ అనే ఆయన దేశవిభజన సమయంలో అటునుంచి వచ్చి, చండీగఢ్‌లో రోడ్డు ఇన్‌స్పెక్టరుగా చిన్న ఉద్యోగం చేసేవాడు. కొత్త నగరం కోసం పాత ఊళ్ళను కూలగొడుతుంటే మిగిలిపోయిన పెంకులు, పింగాణీ ముక్కలు, గాజుముక్కలు సైకిలు మీద మోసుకుపోయి, సుఖ్‌నా సరస్సు దగ్గరి అడవిలో 1957 ప్రాంతం నుంచి ఎవరికీ తెలియకుండా బొమ్మలు చేశాడు. అది ప్రభుత్వ స్థలం, అక్కడ ఏమీ కట్టకూడదు. చాలా ఏళ్ళ తరువాత అధికారుల కంటబడింది. పడగొట్టాలా ఉంచాలా అని చర్చ జరిగి, 1976లో ప్రజల కోసం తెరిచారు. 1984లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2015లో మరణించారు. ఆయన బొమ్మల్లో చాలావాటికి బట్టలు పగిలిన గాజులే. పనికిరావని పారేసిన వస్తువులతో ఒక మామూలు ఉద్యోగి అంత పని చేయగలిగినప్పుడు, 20 అంగుళాల పళ్ళెం మనకు ఎంత?

మాకు పని నేర్పినది మా తోటి పదో తరగతి విద్యార్థి నాన్నగారు. ఆయన తాపీమేస్త్రి. ఫిబ్రవరిలో రెండో శనివారం పని లేని రోజు చూసుకుని వచ్చారు. తాపీ, రుద్దుడు చెక్క, రసమట్టం తన సంచిలోనే తెచ్చుకున్నారు. ఆ మిత్రుడు అప్పటిదాకా వాళ్ళ నాన్నగారి పని గురించి ఎప్పుడూ మాతో అనలేదు. ఆ రోజు మాత్రం మాలు పాళ్ళు మాకు వాడే చెప్పాడు.

కావలసిన వస్తువులు చాలావరకు డబ్బు పెట్టకుండానే దొరుకుతాయి. టైల్స్ అంగళ్ళ వెనుక పగిలినవి కుప్పగా ఉంటాయి, అడిగితే ఇస్తారు. మా ప్రాంతంలో బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాయి పాలిషు ఫ్యాక్టరీల దగ్గర ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. ఇసుక, సిమెంటు హాస్టల్ ప్రహరీ మరమ్మతు చేసినప్పుడు మిగిలినవి. మేము కొన్నది రెండు కిలోల వైట్ సిమెంటు, రెండడుగుల చదరం చికెన్ మెష్ మాత్రమే. అచ్చు కోసం పిల్లల సైకిలు పాత టైరు ఒకటి, 20 అంగుళాలది, సైకిలు షాపులో ఊరికే ఇచ్చారు.

నీడలో చదునైన చోటు చూసి టైరును నేల మీద పడుకోబెట్టాలి. లోపలి అంచుకు కాస్త వాడిన నూనె పూస్తే తరువాత సులువుగా ఊడివస్తుంది. టైరు లోపల తడి ఇసుకను గుమ్మటంలాగా పోయాలి. మధ్యలో రెండు అంగుళాల ఎత్తు ఉండి, నాలుగువైపులకూ మెల్లగా దిగాలి. టైరుకు ఆనుకుని చుట్టూ మూడు అంగుళాల వెడల్పు చదునుగా వదిలేయాలి. అది పళ్ళెం అంచు అవుతుంది. అంటే మనం పళ్ళేన్ని బోర్లించి పోస్తున్నాము. ఇసుక గుమ్మటం ఎంత ఎత్తు ఉంటే పళ్ళెం అంత లోతు వస్తుంది.

ఇక్కడ మాలో కొందరు ఇసుక మీద పాలిథిన్ కాగితం పరుద్దామన్నారు. మేస్త్రిగారు వద్దన్నారు. "కవరు ఏస్తే లోపల నున్నగా వస్తాది నాయనా. పిట్ట కాలూ నిలబడదు, టైలూ పట్టదు. ఇసక మీదనే పోయండి, గరుకు అదే వస్తాది." ఇసుక మాత్రం బాగా తడిగా, చేత్తో అదిమి గట్టిగా ఉండాలి. పొడిగా ఉంటే మాలులోని నీళ్ళు లాగేస్తుంది.

ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ళు జల్లెడ పట్టిన ఇసుక. ఈ కొలతల పళ్ళేనికి ఐదు కిలోల సిమెంటు సరిపోతుంది. నీళ్ళు తక్కువగా కలపాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, వేళ్ళ సందుల్లోంచి కారకూడదు. నీళ్ళు ఎక్కువైతే పని సులువుగా ఉంటుంది కానీ, ఆరాక చిన్నచిన్న రంధ్రాలు మిగిలి పళ్ళెం నీళ్ళు పీలుస్తుంది, నెర్రెలు కూడా విడుస్తుంది. కలిపిన మాలును అరగంటలో వాడేయాలి. గుమ్మటం మీద ముందు ఒక అంగుళం మందం పరిచి, దాని మీద చికెన్ మెష్‌ను గుండ్రంగా కత్తిరించి అదిమి, పైన మరో అంగుళం వేయాలి. ఇనుప జాలీ బయటికి ఎక్కడా కనిపించకూడదు, కనిపించినచోట తుప్పు మొదలవుతుంది. చివరగా పైభాగం మధ్యలో ఎనిమిది అంగుళాల మేర చెక్కతో చదును చేసి రసమట్టం పెట్టి చూడాలి. తిప్పినప్పుడు పళ్ళెం కూర్చునేది ఆ చదును మీదనే.

తడి గోనెపట్టా కప్పి రెండు రోజులు కదిలించకుండా ఉంచాము. తరువాత నలుగురం పట్టుకుని తిప్పాము. బరువు ఇరవై కిలోలకు పైనే ఉంటుంది, ఒక్కరు ఎత్తకూడదు. ఇసుక రాల్చి, చీపురు పుల్లల కట్టతో రుద్ది, మళ్ళీ తడి గోనె కప్పి ఏడు రోజులు పూటపూటా నీళ్ళు చల్లాము. సిమెంటు గట్టిపడేది ఎండిపోవడం వల్ల అని చాలామంది అనుకుంటారు. నిజానికి నీళ్ళతో కలిసి లోపల జరిగే రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. ఆ చర్య పూర్తికాకముందే తడి ఆరిపోతే గుల్లగా మిగిలిపోతుంది. దాదాపు పూర్తి బలం రావడానికి 28 రోజులు పడుతుంది. మొదటి వారం చాలా ముఖ్యం.

ఆ వారంలో ముక్కలు సిద్ధం చేసుకోవచ్చు. టైలును గోనెసంచిలో చుట్టి, నేల మీద పెట్టి, పైనుంచి సుత్తితో చిన్నగా కొట్టాలి. సంచి లేకుండా కొడితే పెచ్చులు కళ్ళలోకి ఎగురుతాయి. ఈ పని పెద్ద తరగతుల వాళ్ళమే చేశాము, కళ్ళద్దాలు పెట్టుకుని. చిన్న తరగతుల వాళ్ళకు రంగుల వారీగా ఏరి పాత పేపర్ల మీద పోసే పని ఇచ్చాము. వాళ్ళకు అదే ఇష్టమైంది. సిమెంటు పట్టుకునేటప్పుడు చేతులకు గ్లౌజులు, లేదా కనీసం పాలిథిన్ సంచులు కట్టుకోవాలి. తడి సిమెంటు చర్మాన్ని తినేస్తుంది. ముట్టుకున్నప్పుడు తెలియదు, రాత్రికి మంట పుడుతుంది. పాత సిమెంటు రేకుల ముక్కలను మాత్రం ఈ పనికి కొట్టవద్దు. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం.

టైల్స్ అన్నీ ఒకటి కావు. గోడలకు వేసే మెరుపు టైల్స్ వెనుక భాగం మెత్తటి మట్టిరంగులో ఉంటుంది. అవి తమ బరువులో పదో వంతుకన్నా ఎక్కువ నీళ్ళు పీలుస్తాయి. అందుకే మేస్త్రులు వాటిని నీళ్ళలో నానబెట్టి అతికిస్తారు. నానబెట్టకపోతే సిమెంటులోని తడిని టైలే తాగేస్తుంది, నెల తిరిగేసరికి ఊడిపోతుంది. "టైలు అతికేది సిమెంటుతో కాదు నాయనా, తడితో" అని మేస్త్రిగారు చెప్పింది ఇదే. నేలకు వేసే విట్రిఫైడ్ టైల్స్ దాదాపు నీళ్ళే పీల్చవు. అవి ఉత్త సిమెంటుకు సరిగ్గా పట్టవు, వాటికి వేరే గమ్ము పొడి కొనాలి. పగలగొట్టడం కూడా కష్టం. కాబట్టి గోడ టైల్స్ ముక్కలే మేలు. అద్దం ముక్కలు పెట్టవద్దు. తడికి వెనుక పూత పోయి నల్లమచ్చలు వస్తాయి, ఎండకు మెరిసి పక్షులు బెదురుతాయి. గాజుముక్కలను పళ్ళెం బయటి పక్కన మాత్రమే వాడాము.

ముక్కలు ఎన్ని కావాలో పదో తరగతి లెక్కతోనే తేలుతుంది. అంచు బయటి వ్యాసార్ధం 10 అంగుళాలు, లోపలి వ్యాసార్ధం 7. రెండు వృత్తాల వైశాల్యాల తేడా సుమారు 160 చదరపు అంగుళాలు. పక్కభాగం చుట్టుకొలత 63 అంగుళాలు, ఎత్తు 2, అంటే 126. మొత్తం 286. ఎనిమిది బై పన్నెండు టైలు ఒకటి 96 చదరపు అంగుళాలు. మూడు టైల్స్ చాలు. రంగులు మార్చుకోవడానికి, వృథాకు కలిపి ఐదు ఉంటే ఢోకా లేదు.

బొమ్మ విషయంలో తామరపువ్వు, రామచిలుక, జెండా ఇలా రకరకాలుగా అన్నారు. అంచు మూడు అంగుళాలే కాబట్టి చిలుక పట్టదు. చివరికి అందరి ఇళ్ళ ముందూ ఉండే ముగ్గే దిక్కయింది. వృత్తం వ్యాసార్ధాన్నే దారంతో కొలిచి అంచు మీద గుర్తులు పెట్టుకుంటూ పోతే సరిగ్గా ఆరు వస్తాయి. మళ్ళీ వాటి మధ్యలో గుర్తులు పెడితే పన్నెండు. పన్నెండు చుక్కలను కలుపుతూ మెలిక తీగ గీశాము. తీగకు ఆకుపచ్చ, చుక్కలకు ఎరుపు, మిగిలినచోట తెలుపు. ముగ్గు గీయడంలో మాకన్నా వంటమనిషి అక్కగారే నేర్పరి. మేము దారంతో కుస్తీపడుతుంటే ఆమె సుద్దముక్క తీసుకుని ఒక్క చుట్టులో గీసేశారు.

అతికించేటప్పుడు అంచును బాగా తడిపి, సిమెంటు పాలు పూసి, దాని మీద పలుచగా మాలు వేసి, ముక్కలను ఒక్కొక్కటిగా అదమాలి. ముందు తీగ, తరువాత చుక్కలు, చివర తెల్లముక్కలు. ముక్కకూ ముక్కకూ మధ్య అగ్గిపుల్ల మందం సందు వదలాలి. వాడి అంచులను అంతకుముందే గరుకు రాయి మీద అరగదీసుకోవాలి. పని అయిన తరువాత పాత చొక్కాగుడ్డను అంచంతా ఈడ్చి చూడాలి. గుడ్డ ఎక్కడైనా తగులుకుంటే అక్కడ పిట్ట కాలు కూడా తెగుతుంది. ఆ ముక్కను మళ్ళీ అరగదీయాలి.

పళ్ళెం లోపలి భాగంలో మెరుపు టైలు పెట్టకూడదు. మొజాయిక్ పళ్ళాల్లో ఎక్కువగా చెడేది ఇక్కడే. చేసేవారికి రంగులు నీళ్ళ అడుగున మెరవాలని ఆశగా ఉంటుంది. కానీ తడిసిన మెరుపు టైలు మీద మన కాలే నిలవదు, స్నానాల గదిలో జారిన వారికి తెలుసు. దానికి నాచు కూడా తోడైతే చెప్పనక్కరలేదు. మేము లోపల నాపరాయి పెచ్చులు వేశాము. నాపరాయి పొరలు పొరలుగా చీలుతుంది. పాలిషు పట్టని చీలిన ముఖం పైకి పెడితే కాలికి బాగా పట్టు దొరుకుతుంది. నలుపు, బూడిద, లేత ఆకుపచ్చ ముక్కలు కలిపి వేస్తే, పైన నీళ్ళు నిలిచినప్పుడు ఆ రంగులు ఎంత బాగా పైకి తేలుతాయో చూడవలసిందే. పెచ్చులు చిటికెనవేలి మందానికి మించకూడదు, లేకపోతే లోతు తగ్గిపోతుంది.

మరునాడు అంచు సందులను వైట్ సిమెంటుతో నింపి, తడిగుడ్డతో ముక్కల పైభాగం తుడిచాము. లోపలి రాతి సందులకు మామూలు సిమెంటు, సన్న ఇసుక కలిపి, కాస్త లోతుగానే వదిలాము. ఆ గాడులు కూడా కాలికి పట్టు. శుభ్రం చేయడానికి యాసిడ్ పోద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. నాపరాయి సున్నపురాయి జాతిది, యాసిడ్ తగిలితే పొంగి కరుగుతుంది.

కొత్త సిమెంటులోంచి క్షారం నీళ్ళలోకి దిగుతూ ఉంటుంది. కావున వెంటనే పక్షులకు పెట్టకూడదు. పది రోజులపాటు రోజూ నింపి, మరునాడు పారబోసి, పీచుతో రుద్దాము. ఆ నీళ్ళను మొక్కలకు పోయలేదు. ఆలోగా ఇటుకలతో మూడడుగుల దిమ్మె కట్టి, దాని మీద మాలు వేసి పళ్ళేన్ని కూర్చోబెట్టి రసమట్టం చూశాము. దిమ్మె ఎందుకంటే పిల్లి కోసం. వంటగది ఉన్నచోట పిల్లి తప్పదు. దట్టమైన పొదకు కనీసం ఎనిమిది అడుగుల దూరంలో పెట్టాలి, పొదలోంచి ఒక్క దూకుతో అందకుండా. అట్లని చెట్టుకు మరీ దూరం కాకూడదు. తడిసిన పక్షి సరిగ్గా ఎగరలేదు, దగ్గరలో కొమ్మ కావాలి. కొమ్మ సరిగ్గా పైన మాత్రం ఉండకూడదు, రెట్టలన్నీ నీళ్ళలోనే పడతాయి.

తయారీ పది రోజులు, నిర్వహణ ఏడాది పొడవునా. నిలవ నీరు అనగానే ఆరోగ్య కార్యకర్త వచ్చి మొదట అడిగేది దోమల సంగతి. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ శుభ్రమైన నిలవ నీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. రోజూ నీళ్ళు మారిస్తే దోమ పుట్టే అవకాశం లేదు. అయితే ఒక చిక్కు ఉంది. ఆ దోమ గుడ్లను నీటి అంచున గోడకు అంటించి పెడుతుంది, అవి ఎండిపోయినా నెలల తరబడి చావవు. కాబట్టి పారబోయడంతో సరిపోదు, నీళ్ళ గీత ఉన్నచోట కొబ్బరిపీచుతో గట్టిగా రుద్దాలి. మా పళ్ళెం దిమ్మెకు అతికి ఉంది గనుక మగ్గుతో తోడి, గుడ్డతో తుడిచి, రుద్ది, మళ్ళీ నింపుతాము. ఐదు నిమిషాల పని. సబ్బు, కిరోసిన్, దోమల మందు వంటివి ఏవీ కలపకూడదు. బియ్యం కడిగిన నీళ్ళు పోద్దామని మొదట అనుకున్నారు కానీ, ఎండకు పులిసి వాసన వస్తాయి. సెలవుల్లో చూసేవాళ్ళు లేకపోతే ఎండబెట్టి బోసిగా ఉంచడమే మంచిది.

కడిగిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. చచ్చిన పక్షి కనిపిస్తే ఎవరూ ముట్టుకోకుండా వార్డెన్ సారుకు చెప్పాలి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్ళకు బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి పేపర్లలో చదివాము. అటువంటి వార్త దగ్గరి ప్రాంతం నుంచి వస్తే, తగ్గేవరకు పళ్ళెం ఖాళీగా ఉంచాలి.

నీళ్ళు పోసిన మొదటి మూడు రోజులు ఒక్క పిట్టా రాలేదు. కొత్త వస్తువును చూసి అవి బెదురుతాయి. నాలుగో రోజు ముందుగా కాకి వచ్చింది. వచ్చి ఊరుకోలేదు, ఎక్కడిదో ఎండిన రొట్టెముక్క తెచ్చి నీళ్ళలో నానబెట్టుకుని తిని పోయింది. కాకులకు అది అలవాటు. రొట్టె తిన్న రోజు సాయంత్రం కూడా ఒకసారి కడగవలసి వస్తుంది. ఆ తరువాత గోరువంకలు, పిగిలిపిట్టలు, మధ్యాహ్నం ఎండలో గువ్వలు రావడం మొదలైంది. గుంపుగా వచ్చి గోలచేసే బూడిదరంగు పిట్టలు ఒకేసారి ఏడెనిమిది దిగి నీళ్ళన్నీ చిమ్మేస్తాయి. పిచ్చుకలు చాలా ఆలస్యంగా, ఏప్రిల్‌లో వచ్చాయి, అవీ నాలుగే. 2018 నుంచి మన రాష్ట్ర పక్షి అయిన రామచిలుకలు సాయంత్రం వేపచెట్టు మీదికి వస్తాయి కానీ, ఇప్పటివరకు రెండుసార్లే కిందికి దిగాయి. వచ్చిన పక్షుల పేర్లు, వేళలు రాయడానికి ఏడో తరగతి వాళ్ళు ఒక నోటుబుక్కు పెట్టారు. పేరు తెలియనివాటికి బొమ్మ గీస్తున్నారు.

ఏడాది గడిచేసరికి అంచు మీద రెండు తెల్లముక్కలు కదిలాయి. తీసి, పాత మాలు గీకి, నానబెట్టి మళ్ళీ అతికించాము. వైట్ సిమెంటు ఇంకా అర కిలో మిగిలి ఉంది, గాలి తగలకుండా రెండు కవర్లలో కట్టి స్టోర్ రూములో పెట్టాము. టైల్స్ పని చేసే అన్నలు ఎవరైనా వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు నీలం రంగు, పసుపు రంగు గోడ టైల్స్ ముక్కలు తెస్తే, ట్యాంకు పక్కన రెండో పళ్ళెం మొదలుపెడతాము. అచ్చుకు వాడిన టైరు పాడు కాలేదు. కొబ్బరిపీచు, వంతుల పట్టిక వంటగది కిటికీ పక్కన మేకుకు వేలాడుతున్నాయి. జూన్‌లో కొత్తగా చేరే తమ్ముళ్ళ పేర్ల కోసం పట్టిక కింద ఎనిమిది గళ్ళు ఖాళీగా వదిలాము.